గడ్డి మొలిపించడం, గడ్డిని కాయడం
(ప్రసంగ పాఠం)



వాకిట్లో గడ్డి విత్తనం చల్లినా మొలవడం లేదని మనలో చాలామంది అంటుంటారు. కరీంనగర్ వైపు ఎర్ర చల్క, వాన వెలిసి ఎండ కాయగానే పైన గట్టిపడుతుంది. మొలక పైకి రాజాలదు. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి, వానకు బురద, ఎండకు పగుళ్లు. చల్కలో చివికిన పశువుల ఎరువు కలపాలి. రేగడిలో నీరు నిలవకుండా వాలు పెట్టాలి. గరిక విత్తనం చాలా సన్నం. ఇసుకలో కలిపి, మృగశిరలో వానలు పడ్డాక, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చల్లి, పైపైన మట్టి కప్పాలి. చెట్టు నీడన గరిక నిలవదు, అక్కడ పట్టుబట్టవద్దు.

మొలకకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. అంతవరకు తడి ఆరకూడదు, మేకా మనిషీ తొక్కకూడదు.

అడవికీ ఇదే సూత్రం. పాత ఆదిలాబాద్ జిల్లాలోని కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వు అయింది. పులికి దుప్పి కావాలి, దుప్పికి గడ్డి కావాలి. దట్టమైన టేకు నీడన గడ్డి సరిగా రాదు. ఎండ తగిలే జాగాలో వచ్చినా, పశువులు ముందే మేసేస్తే గింజ పట్టదు. గింజ రాలే వరకు కాస్తేనే మరుసటి వానకు కొత్త గడ్డి.

చల్లడం ఒక పూట పని, కాయడం నెలల పని. ఈ వానకాలం మన సంఘ భవనం ఆవరణలో ఆ కాపలా వంతులవారీగా పంచుకుందామని నా మనవి. సెలవు.