తల్లి జబ్బు గుట్టు విప్పడానికి



ఒక మనిషి తూలుతూ నడుస్తుంది. చేతులు వాటంతటవే ఎగిరిపడతాయి. చూసినవాళ్ళు ఏమంటారు? "తాగింది" అంటారు. లేకపోతే "గాలి సోకింది" అంటారు. ఇలా అనడం ఒక్క మన ఊళ్ళలోనే లేదు.

అది 1968. అమెరికాలో లాస్ ఏంజెల్స్ నగరం. పొద్దున్నే లియనోర్ వెక్స్లర్ అనే ఆమె రోడ్డు దాటుతోంది. అడుగు తడబడింది. ఒక పోలీసు చూశాడు. "ఇంత పొద్దున్నే తాగడానికి సిగ్గులేదా?" అని కసిరాడు.

ఆమె తాగలేదు. డాక్టరు దగ్గరికి వెళితే సంగతి తెలిసింది. ఆమెకు హంటింగ్టన్ జబ్బు వచ్చింది. ఆమె తండ్రీ, ముగ్గురు అన్నదమ్ములూ ఆ జబ్బుతోనే పోయారు.

ఇది మెదడు జబ్బు. ఎక్కువమందికి 30 నుంచి 50 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. మెదడులోని కణాలు కొద్దికొద్దిగా చచ్చిపోతాయి. ఒళ్ళు అదుపు తప్పుతుంది. మతిమరుపు, కోపం, దిగులు వస్తాయి. చివరికి ముద్ద మింగడం కూడా కష్టమే.

లియనోర్‌కు ఇద్దరు కూతుళ్ళు, ఆలిస్, నాన్సీ. నాన్సీకి అప్పుడు 23 ఏళ్ళు. తండ్రి మిల్టన్ ఏదీ దాచలేదు. కూతుళ్ళను కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఈ జబ్బు వాళ్ళకూ రావచ్చు, రాకపోవచ్చు. రెండింటికీ సమానంగా అవకాశం ఉంది.

ఎలాగంటారా? రూపాయి బిళ్ళ ఎగరేస్తే బొమ్మ పడవచ్చు, బొరుసు పడవచ్చు. తల్లికో తండ్రికో ఈ జబ్బు ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ ఒకసారి బిళ్ళ ఎగరేసినట్టే. ఆడపిల్లయినా, మగపిల్లవాడయినా ఒకటే.

1978లో లియనోర్ చనిపోయింది. నాన్సీ ఏడుస్తూ కూర్చోలేదు. ఈ జబ్బు గుట్టు తెలుసుకోవాలనుకుంది. 1979లో వెనిజులా దేశం వెళ్ళింది. అక్కడ మారకైబో అనే పెద్ద సరస్సు ఉంది. దాని ఒడ్డున చేపలు పట్టుకుని బతికే పేదల ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళలో ఈ జబ్బు ఇంటింటా కనిపిస్తుంది. 1950లలో అమెరికో నెగ్రెట్ అనే డాక్టరు అక్కడికి వెళ్ళాడు. తూలుతున్నవాళ్ళను చూసి మొదట ఆయన కూడా తాగినవాళ్ళే అనుకున్నాడు. తర్వాత అసలు జబ్బు గుర్తుపట్టాడు.

పరిశోధనకు వాళ్ళ రక్తం కావాలి. చర్మం కొంచెం కోసి తీయాలి. జనం జంకారు. "పరాయివాళ్ళకు ఎందుకివ్వాలి?" అనుకున్నారు. అప్పుడు ఒక నర్సు నాన్సీ చేయి పట్టుకుని అందరికీ చూపించింది. ఆ చేతి మీద మచ్చ ఉంది. నాన్సీ కూడా చర్మం ఇచ్చింది! తమలాంటి ఇంటి పిల్లే అని వాళ్ళకు తెలిసింది. భయం తగ్గింది. ముందుకొచ్చారు.

నాన్సీ బృందం ఏటా అక్కడికి వెళ్ళింది. ఎవరి బిడ్డ ఎవరో అడిగి రాసుకుంది. ఆ వంశవృక్షంలో 18,000 మందికి పైగా చేరారు. సుమారు 4,000 మంది రక్తం ఇచ్చారు.

ఆ రక్తమే దారి చూపింది. 1983లో జేమ్స్ గుసెల్లా అనే శాస్త్రవేత్త బృందం జబ్బుకు మూలం నాలుగో క్రోమోజోములో ఉందని కనుక్కుంది. 1993లో అసలు జన్యువే దొరికింది.

జన్యువు అంటే ఏమిటి? మన ఒంట్లోని కణాలు ఎలా పనిచేయాలో చెప్పే రాత. ఈ జన్యువులో మూడక్షరాల మాట ఒకటి ఉంది. అది వరసగా కొన్నిసార్లు వస్తుంది. 26 సార్లో, అంతకు తక్కువో ఉంటే ఇబ్బంది లేదు. 40, అంతకు మించి ఉంటే జబ్బు వస్తుంది. పలక మీద దిద్దేటప్పుడు చేయి ఆగక ఒకే మాట మళ్ళీ మళ్ళీ రాసినట్టు! ఇంత చిన్న తప్పు రాతతో అంత పెద్ద జబ్బు.

ఇప్పుడు రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. కానీ జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. అందుకే పరీక్ష చేయించుకోవాలా, వద్దా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి. బలవంతం పనికిరాదు. నాన్సీ కూడా తన సంగతి చాలా ఏళ్ళు బయటపెట్టలేదు. 2020లో, 74 ఏళ్ళ వయసులో, తనకూ ఆ జబ్బు వచ్చిందని చెప్పింది. తల్లి జబ్బు గుట్టు కోసం బతుకంతా వెచ్చించిన కూతురికీ బిళ్ళ అటే పడింది. అయినా ఆమె పడ్డ కష్టం వృథా పోలేదు. ఈనాడు మందు కోసం జరిగే ప్రయత్నాలకు ఆ జన్యువే ఆధారం.

అక్కలారా! ఈ జబ్బు మన దేశంలోనూ ఉంది. ఇది పాపం కాదు, శాపం కాదు, చేతబడి కాదు. అంటుకునే జబ్బు కాదు. బిడ్డకు వస్తే తల్లి తప్పూ కాదు, తండ్రి తప్పూ కాదు. ఏ రాత ఎవరికి వెళ్ళాలో ఎవరూ ఎంచి ఇవ్వరు.

ఒకే ఇంట్లో తరతరానా ఇలాంటి జబ్బు కనిపిస్తే భూతవైద్యుడి దగ్గరికి పరుగెత్తకండి. పెద్దాసుపత్రికి వెళ్ళండి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో వంశపారంపర్య జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. వెళ్ళేముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో ఎవరికి, ఏ వయసులో, ఏ జబ్బు వచ్చిందో పెద్దవాళ్ళను అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. మారకైబో ఒడ్డున నాన్సీ చేసింది ఆ పనే. ఇప్పుడు మీకూ రాయడం వచ్చు కదా!