గుండె వెళ్తుంది, రిపోర్టు వెళ్లదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఇంజనీరును కాబట్టి ఏ వంతెనల గురించో చెబుతానని అనుకుని ఉంటారు. కొన్నేళ్లుగా నా పని ఆసుపత్రుల కంప్యూటర్లతో. అందుకని వాటి గురించే చెబుతాను.

మన రెడ్డిగూడెం వాళ్లకు ఒంట్లో బాగాలేకపోతే ముందు విజయవాడ, అక్కడ కాదంటే హైదరాబాదు. చేతిలో ఎక్స్‌రేలు, స్కానులు కుక్కిన ప్లాస్టిక్ సంచి. కొత్త ఆసుపత్రిలో ఆ సంచి పక్కన పెట్టి "మళ్లీ చేయించండి" అంటారు. సూడాన్, సోమాలియా, ఇరాక్‌ల నుంచి వైద్యం కోసం హైదరాబాదు వచ్చేవాళ్ల చేతిలోనూ ఇదే సంచి. పైగా వాళ్లకు వీసా గడువు, గది అద్దె, దుబాసీ ఖర్చు. ఏజెంటు, దుబాసీ, గెస్ట్‌హౌస్, ల్యాబ్, రెండు మూడు ఆసుపత్రులు... ఇంతమంది ఒక్క రోగి చుట్టూ తిరుగుతారు గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

కంప్యూటర్లు కలవకనా అంటే, కాదు. రిపోర్టులు ఇచ్చిపుచ్చుకోవడానికి ఎఫ్‌హెచ్ఐఆర్ అనే ఉమ్మడి పద్ధతి ఎప్పుడో వచ్చింది. 2021 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రారంభించింది, మనకు 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తోంది. ఒకసారి రెండు ఆసుపత్రులను కలిపే పని నాకు అప్పగించారు, పేర్లెందుకు లెండి. సాంకేతికంగా కలపడం తొందరగానే అయింది. ఆ తర్వాత నెలల తరబడి ఒకే ప్రశ్న దగ్గర కూర్చున్నాం: "ఈ రోగి ఎవరి ఖాతాలో పడతాడు?" రిపోర్టు ఇస్తే రోగి అటే పోతాడని వాళ్ల భయం. రోగిని తెచ్చిన ఏజెంటుకు కమీషన్ పోతుందని ఇంకో భయం. చివరికి ఆ పని ఆగిపోయింది.

మామిడి రైతుల పిల్లలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పూత మీద అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారికే కాయ వెయ్యాలి, నున్న మార్కెట్లో పక్క కొట్టువాడు ఎక్కువిస్తానన్నా సరే. విదేశీ రోగి పరిస్థితీ దాదాపు అంతే.

డాక్టర్ల మాటలోనూ న్యాయం ఉంది. పక్క ల్యాబ్ రిపోర్టు నమ్మి ఆపరేషన్ చేస్తే, అది తప్పని తేలితే జవాబు చెప్పేదెవరు? కానీ రోగి ఊరు చేరాక కుట్టు దగ్గర చీము పట్టిందనుకోండి. అక్కడి డాక్టరుకు ఇక్కడ ఏం చేశారో తెలియదు. అప్పుడు ప్రాణానికే ముప్పు.

ఇవే ఆసుపత్రులు మరోచోట బ్రహ్మాండంగా కలిసి పనిచేస్తున్నాయి. 2021 ఫిబ్రవరిలో ఎల్.బి.నగర్ కామినేని నుంచి జూబ్లీహిల్స్ అపోలోకు ఒక గుండెను మెట్రో రైల్లో తీసుకెళ్లారు. నాగోలు నుంచి చెక్‌పోస్టు దాకా 21 కిలోమీటర్లు, అరగంటలోపే. ఒక ఆసుపత్రి నుంచి పోటీ ఆసుపత్రికి గుండె వెళ్లింది! ఎందుకంటే 1994 అవయవ మార్పిడి చట్టం ఉంది, నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ ఉంది. అవయవం ఎవరికన్నది ఏజెంటు తేల్చడు, జాబితా తేలుస్తుంది. రిపోర్టులకు అలాంటి మధ్యవర్తి లేడు. ఆ బాధ్యత ప్రభుత్వమే తీసుకోవాలని నా అభిప్రాయం.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఒకటుంది. మన పూర్వ విద్యార్థుల్లో వైద్యవృత్తిలో ఉన్నవాళ్లు, రోగి ఇంటికి వెళ్లే రోజే ఏం చేశారో, ఏ మందులు వాడాలో, ఏ లక్షణం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఒక్క పేజీలో రాసి చేతికివ్వాలి. నమూనా కాగితం నా సంచిలో ఉంది. భోజనాల దగ్గర అడగండి, ఇస్తాను.