‘నా వల్లే’ అన్న మాట



మా పెద్దమ్మ జంతికల పిండిలో వాము వేసేది కాదు. అసలు ఆమె వంటింట్లో వామే ఉండేది కాదు. ఎందుకో మాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. ఒక తెల్లవారుజామున పెదనాన్నకి గుండెల్లో మంట, ఒళ్లంతా చెమటలు. గ్యాసేమో అనుకుని ఆమె వాము నమిలించి, వేడినీళ్లు పట్టించింది. ఆసుపత్రికి చేరేలోపే ఆయన పోయారు. పెద్దకర్మ నాడు బంధువులందరి ముందూ ఆడపడుచు అంది: “నువ్వు వాము పెడుతూ కూర్చున్నావు, మా అన్నయ్య పోయాడు.” ఆ మాటని పెద్దమ్మ 14 ఏళ్లు మోసింది.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక్క మాట. గుండెపోటుని గ్యాస్ నొప్పి అనుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ఛాతీలో బరువు, చెమటలు, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక నిందల సంగతి. 2001లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని హోప్ కాలేజీలో షార్లెట్ విట్‌వ్లియట్ బృందం 71 మంది విద్యార్థుల మీద ఒక పరిశోధన చేసింది. తమని నొప్పించిన మనిషిని తలుచుకుని ఆ గాయాన్నే నెమరువేసుకోమన్నారు. ఇంకోసారి అదే మనిషిని క్షమిస్తున్నట్టు ఊహించుకోమన్నారు. పగని తలుచుకున్నప్పుడు గుండె వేగం, రక్తపోటు ఎక్కువ పెరిగాయి, చెమట పట్టింది, కనుబొమలు ముడిపడ్డాయి. ఎదురుగా ఎవరూ లేరు, కేవలం తలపు. ఎప్పుడో అన్న మాట తలుచుకున్న ప్రతిసారీ ఒంటికి కొత్తగా తగులుతుందన్నమాట.

1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, శాండ్రా బీల్ కలిసి ఇంకో పరీక్ష చేశారు. విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాల చొప్పున, మనసుని కలచివేసిన సంఘటన గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ల దిగులు పెరిగింది. కానీ జరిగిందీ, దానివల్ల పడ్డ బాధా రెండూ రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. తర్వాతి పరిశోధనల్లో పెన్నెబేకర్ ఇంకొకటి గమనించారు. రోజులు గడిచేకొద్దీ ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమైంది’ లాంటి మాటలు ఎక్కువగా రాసినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది.

ఇది విన్నాక నాకు మన భాషలోని ఒక చిన్న ఏకారం గుర్తొచ్చింది. ‘నా వల్ల’ అంటే కారణాల్లో నేనూ ఒకటి. ‘నా వల్లే’ అంటే ఇక వేరే కారణమే లేదు. పొగాకు లేదు, మూసుకుపోయిన రక్తనాళం లేదు, దూరంగా ఉన్న ఆసుపత్రి లేదు. నేనొక్కదాన్నే. ఇంట్లో మనం ఎంత సులువుగా అనేస్తాం, ‘నీ వల్లే’ అని!

పెద్దమ్మకి రాయడం రాదు. ఆమె చెబుతుంటే పాత నోటుబుక్కులో నాలుగు సాయంత్రాలు నేను రాశాను. మొదటి రోజు “నా వల్లే పోయారు” అన్నదొక్కటే వాక్యం, తర్వాత ఏడుపే. నాలుగో రోజు ఇలా చెప్పింది: “నాకూ గ్యాసే అనిపించింది, ఆయనకీ అదే అనిపించింది. ఫోన్ చేసి ఉంటే బాగుండేది. ఆవిడ కూడా అన్నని పోగొట్టుకుంది కదా, ఎవరినో ఒకరిని అనాలనిపించింది.” ఆడపడుచుతో రాకపోకలు ఇప్పటికీ అంతంతమాత్రమే. పెద్దమ్మకి నిద్ర మాత్రం పడుతోంది. బీపీ మాత్ర వేసుకుంటూనే ఉంది. మీరూ డాక్టరు చెప్పకుండా మాత్రలు మానకండి.

క్షమించడమంటే జరిగింది తప్పు కాదనడం కాదు. “పోనీలే, సర్దుకుపో” అని పక్కవాళ్లు నోరు నొక్కితే వచ్చేదీ కాదు. ఇంట్లో ఇంకా దెబ్బలు తింటున్న ఆడవాళ్లని దయచేసి క్షమించమని అడగకండి, వాళ్లకి 181 నంబరు ఇవ్వండి.

మీ మనసులోనూ ‘నా వల్లే’ లాంటి వాక్యం ఒకటి ఉంటే, ఈ రాత్రి పావుగంట కాగితం ముందు కూర్చోండి. రాస్తుంటే తట్టుకోలేనంత బాధ కలిగితే ఆపేయండి. అప్పుడు టెలీ మానస్, 14416కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.