వ్యాయామశాల గడప



కడియము పేరు వినగానే ఎవరికైనను మొక్కలే జ్ఞాపకమునకు వచ్చును. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి - ఎటు చూచినను నర్సరీలే. అచ్చట పనిచేయువారు తెల్లవారినది మొదలు ప్రొద్దు క్రుంకువరకు వంగుచు, లేచుచు, కుండీలు మోయుచు, లారీలకెత్తుచు, వ్యాయామమన్న మాట తలపెట్టకయే వ్యాయామము చేయుచున్నారు. అదే తోటలో గల్లాపెట్టె ముందు కూర్చుండు యజమానికి, కంప్యూటరులో లెక్కలు చూచు గుమాస్తాకు ఆ అవకాశము లేదు. త్రాగు నీరొకటే, తిను అన్నమొకటే. ఒకరి శరీరము కదలుచున్నది, మరియొకరిది కదలుట లేదు. ఈ భేదమును లండను నగరపు బస్సులలో మోరిస్ అను వైద్యుడు పరిశీలించినాడు. రోజంతయు రెండంతస్తుల బస్సు మెట్లెక్కి దిగు కండక్టర్లకంటె, కూర్చుండి బండి నడుపు డ్రైవర్లకు గుండెజబ్బు హెచ్చుగా వచ్చుచున్నదని ఆయన బృందము 1953లో ప్రకటించినది.

అయితే వ్యాయామము మంచిదని బోధించుట నేటి మా ఉద్దేశము కాదు. అది అందరికిని తెలిసినదే. బాగుగా లావెక్కినవారిలో పలువురు వ్యాయామము కావలెనని తెలిసియు, జిమ్మునకు రుసుము చెల్లించుటకు సిద్ధపడియు, ఆ గడప దాటలేక వెనుదిరుగుచున్నారు. వారి జంకును గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము.

ముందుగా ఒక లెక్క. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశములో 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో నూటికి 31 మంది ఎత్తుకు తగిన బరువును మించియున్నారు. వీరందరును మిక్కిలి స్థూలకాయులు కారు. అయినను, ఇంటింట ఉన్న సంగతిని ఏ ఒక్కరో చేసిన నేరముగా భావించి తలవంచుకొనుట న్యాయము కాదని ఈ అంకెలే చెప్పుచున్నవి.

ఇక జంకు ఎక్కడనుండి పుట్టుచున్నది? ఇనుమును చూచి కాదు, కన్నులను చూచి. "అందరును కండలు తిరిగిన కుర్రవాండ్రే యుందురు, వారి మధ్య నేనెట్లు నిలుచుందును? ఆయాసము వచ్చిన నవ్వరా? నేనెక్కిన యంత్రము విరిగిన ఏమి గతి? ఎవరైనను సెల్‌ఫోనుతో ఫొటో తీసిన?" - ఈ ప్రశ్నలు బయటికి రావు. బయటికి వచ్చునది ఒక్కటే మాట: "ముందు కొంచెము తగ్గి, ఆ తరువాత చేరుదును." ఆ "తరువాత" ఎన్నటికిని రాదు. దాహము తీరిన పిదప చెరువునకు పోదుమనుటవంటిదే యిది.

పైగా మన గోదావరి సీమలో వెటకారమునకు కొదువ లేదు. "ఏంటి బావా, జిమ్ముకే? గుమ్మం వెడల్పు చేయించారా వాళ్లు?" అని వీధి అరుగుమీద ఒకడు అనును. పదిమంది నవ్వుదురు. లావుపాటివాడును నవ్వును, నవ్వకున్న మరింత ఏడిపింతురని అతనికి తెలియును. ఆ నవ్విన సాయంకాలమే అతడు జిమ్ము సంగతి మరచినట్లు నటించును. మాట అన్నవానికి అది మరునాటికి జ్ఞప్తి యుండదు. పడినవానికి ఏండ్ల తరబడి యుండును.

ఈ బాధ క్రొత్తది కాదు. లండనులో అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారము చేసిన విలియం బాంటింగ్ అనునతడు 1863లో తన స్థూలకాయమును గురించి ఒక చిన్న పుస్తకము ప్రకటించినాడు. వంగి చెప్పుల త్రాళ్లు కట్టుకొనలేకపోవుట ఒక కష్టము. సభలలోను, బండ్లలోను, వీధులలోను జనుల ఎగతాళి మరియొక కష్టమనియు, అందుచే అట్టివారు నలుగురిలోనికి పోవుటయే తగ్గించుకొందురనియు ఆయన వ్రాసినాడు. నూట అరువది ఏండ్లు గడచినవి. 2020లో పలు దేశముల వైద్యనిపుణులు కలిసి ఒక ప్రకటన చేయుచు, స్థూలకాయము కేవలము సోమరితనమువలనను, తిండిపోతుతనమువలనను వచ్చునన్న అభిప్రాయము శాస్త్రమునకు విరుద్ధమనిరి. వంశము, నిద్ర, కొన్ని మందులు, మనస్సుపై ఒత్తిడి, చుట్టునున్న పరిస్థితులు - ఇన్నియు అందులో పాలుపంచుకొనును.

జిమ్ములో అందరును మనలనే చూతురను భయమునకు ఒక చక్కని పరీక్ష సమాధానము చెప్పుచున్నది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒక విద్యార్థిచేత, అతనికి సిగ్గు కలిగించు బొమ్మయున్న చొక్కా తొడిగించి, ఇతర విద్యార్థులున్న గదిలోనికి పంపినారు. ఎందరు నీ చొక్కాను గమనించియుందురని పిమ్మట అడిగినారు. ఇట్లు అనేకులను పరీక్షింపగా, సుమారు సగము మంది చూచియుందురని వారు ఊహించినారు. నిజముగా గమనించినవారు దాదాపు నాలుగవ వంతు మాత్రమే. 2000లో ఈ ఫలితములు ప్రచురింపబడినవి. మన సిగ్గు మనకు కనబడునంత పెద్దదిగా ఇతరులకు కనబడదు. వ్యాయామశాలలో అద్దములున్నవి, అచ్చటికి వచ్చువారిలో చాలమంది తమ భుజములను చూచుకొనుటలోను, తమ లెక్క తప్పకుండ ఎంచుకొనుటలోను మునిగియుందురు.

ఇంతకును పెద్ద శరీరమును చూచి నవ్వుట మన సంప్రదాయమా? భీముని మనము ఆరాధించితిమి గాని పరిహసింపలేదు. 1882లో వీరఘట్టములో జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు విజయనగరములో వ్యాయామోపాధ్యాయులై, పిమ్మట తమ బలప్రదర్శనలచే దేశమెల్ల పేరుపొంది, కలియుగ భీముడనిపించుకొన్నారు. మన కాలమున శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్సునకు ఆమె 69 కిలోల తరగతిలో వెళ్లినప్పుడు, బరువు పెరిగినదని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆమె మొత్తము 240 కిలోలెత్తి, కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్సులో పతకము పొందిన తొలి భారతీయ మహిళ అయినది. అందరును మల్లేశ్వరులు కానక్కరలేదు. కాని ఒక సత్యము గమనింపుడు: భారీశరీరముగలవారి కాళ్లు ప్రతిదినము ఎంతో బరువును మోయుచునే యున్నవి. కాలితో బరువునెట్టు యంత్రముపై వారు సన్నని కుర్రవానికంటె ఎక్కువ నెట్టుట కద్దు. బలహీనులమనుకొని లోపలికి పోనక్కరలేదు.

అయితే ఎట్లు మొదలిడవలెను? ఈ ప్రశ్నకు కడియపు నర్సరీవారు చేయు పనిలోనే జవాబున్నది. నీడవల క్రింద పెరిగిన మొక్కను తెచ్చి ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టిన ఆకులు మాడిపోవును. అందుచే ముందు కొన్నిదినములు లేయెండ, పిమ్మట సగము పూట, ఆ పిమ్మట పూర్తి ఎండ. మొక్కలో లోపము లేదు. అలవాటు కావలెను, అంతే. మనిషికిని అదే పద్ధతి.

మొదటి దినమున వ్యాయామము చేయవలదు. వెళ్లి చూచి రండు. సామాన్యముగా తెల్లవారుజామునను, సాయంకాలము ఆరు గంటల పిమ్మటను రద్దీ యుండును; ప్రొద్దెక్కిన పిదప పది, పదకొండు గంటల వేళ పలుచగా నుండును. ఆ వేళకు పోయి శిక్షకుని నాలుగు సంగతులడుగుడు. ఏ యంత్రము ఎంత బరువు మోయును? తయారుచేసినవారు ప్రతి యంత్రమునకు ఒక పరిమితిని నిర్ణయించియుందురు గనుక ఇది సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు. ఇంతకుముందు భారీశరీరులకు నేర్పిన అనుభవమున్నదా? స్త్రీలకు వేరు సమయమున్నదా? లోపల ఫొటోలు తీయుటను నిషేధించినారా? ఈ ప్రశ్నలకు ఓర్పుతో జవాబు చెప్పినవాడు మంచి శిక్షకుడు. నవ్వినవానికి నమస్కారము పెట్టి మరియొక చోటు చూచుకొనుడు. ఏడాది రుసుము ముందుగా కట్టవలదు; ఒక నెల చాలును.

మొదటి వారము మూడు దినములు, దినమునకు పది పదునైదు నిమిషములు. మోకాళ్లు నొచ్చువారికి ట్రెడ్‌మిల్లుకంటె, వీపునకు ఆనుకొని కూర్చుండి త్రొక్కు సైకిలు సుఖము. ఎంత వేగమన్న, మాటలాడగలుగవలెను, పాట పాడలేనంత ఆయాసముండవలెను. తేలికపాటి బరువులు వారమునకు రెండు దినములు. మరునాడును, ఆపైనాడును కండరములు నొచ్చును. అది సహజము, తగ్గిపోవును. వదులైన నూలుబట్టలు, పాదమునకు సరిపోవు బూట్లు, చెమటకొక తువ్వాలు వెంటనుండవలెను. తొడలు ఒరసుకొను చోట కొంచెము వాసెలిను రాచుకొన్న పొక్కులు రావు. చిన్న విషయమే, కాని తొడలు ఒరసి మానివేసినవారును కలరు.

వైద్యుని సలహా ఎవరికి తప్పదు? నడిచినప్పుడు ఛాతీలో నొప్పి, తల తిరుగుడు, అకారణమైన ఆయాసము ఉన్నవారు, గుండెజబ్బు, అదుపులేని రక్తపుపోటు ఉన్నవారు, మధుమేహమునకు మందులు వాడువారు ముందుగా వైద్యునికి చూపించుకొనవలెను. ఇన్సులిను, కొన్ని రకముల మాత్రలు తీసికొనువారికి వ్యాయామమువలన చక్కెర మిక్కిలి పడిపోవచ్చును. వారు వెంట ఏదైన తీపి నుంచుకొని, పాదములను ప్రతిదినము పరీక్షించుకొనవలెను.

ఇక ఫలితము. దినదినము తూకపుయంత్రమెక్కి నిరాశపడుట మంచిది కాదు. వెళ్లిన దినములు లెక్కపెట్టుకొనుడు. మన దేశమున మధుమేహమునకు దగ్గరగా నున్న 531 మందిపై జరిపిన పరిశోధన 2006లో ప్రచురితమైనది. ఆహారనియమము, దినదినపు నడక పాటించినవారిలో మధుమేహము వచ్చు అవకాశము సుమారు 28 శాతము తగ్గినది. గమనింపవలసినది, వారి బరువు పెద్దగా తగ్గలేదు. ముల్లు కదలకున్నను లోపల మేలు జరుగుచునే యుండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యరకపు శ్రమ కావలెనని చెప్పుచు, కొంచెమైనను ఏమియు లేకుండుటకంటె మేలని కూడ చెప్పినది. మెట్లెక్కి ఆగకుండ రాగలుగుట, రాత్రి నిద్ర పట్టుట, వంగి చెప్పులు తొడుగుకొనుట - ఇవియే మొదటి ఫలములు.

ఇంటివారితో ఒక మాట. మన సీమలో వడ్డించు చేయి ఆగదు. "ఇంకొక్క ముద్ద" అని కొసరి పెట్టి, భోజనమైన పిమ్మట "కొంచెం తగ్గరాదూ" అనుట ఉభయభ్రష్టత్వము. పిల్లవానిని లావు పేరుతో పిలుచుట ముద్దు కాదు. ఆ పేరు వానితో పాటు పెరుగును. జిమ్మునుండి వచ్చినవారిని "ఎన్ని కిలోలు తగ్గినావు?" అని అడుగవలదు. "ఈ దినము ఏమి చేసినావు?" అని అడుగుడు. స్త్రీల విషయమున మరియొక ఆటంకమున్నది. అందరి పనియు అయిన పిదప తమ పని అని వారనుకొందురు. ఇంటిలోనివారు ఒక గంట పని పంచుకొననిదే ఆమె గడప దాటలేదు.

వ్యాయామశాలలు నడుపువారును ఆలోచింపవలెను. చేతులులేని వెడల్పయిన బల్ల ఒకటి, గట్టి సైకిలొకటి, వచ్చినవారిని పేరుతో పలుకరించు శిక్షకుడొకడు ఉన్న చాలును. కండలు పెరిగినవారికంటె పెరుగవలసిన ఆరోగ్యమున్నవారికే ఆ శాల అవసరము హెచ్చు. ఆసుపత్రికి రోగము కుదిరిన పిదప ఎవరును పోరు గదా.

కాబట్టి జంకుచున్న శ్రోతకు రేపటి పని ఒక్కటే: పది గంటల వేళ వెళ్లి, చూచి, నాలుగు ప్రశ్నలడిగి రావలెను. జంకు పూర్తిగా పోయిన పిదప వెళ్లుదమని ఆగవలదు. నాలుగు పర్యాయములు వెళ్లిన పిదప అదియే పలుచబడును. తోడుగా వెళ్లుటకు ఇంటిలో ఒకరు సిద్ధముగా నున్నచో, ఆ మాట ఈ రాత్రియే చెప్పుడు.