రెండవ పుస్తకము



అమరావతి పేరు నేడు కంప్యూటర్లతో ముడిపడినది. 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వము, ఐ.బి.ఎం., టి.సి.ఎస్. సంస్థలతో కూడి, అచ్చట 156 క్యూబిట్ల ప్రాసెసరు గల క్వాంటం కంప్యూటరును నెలకొల్పు యోచనను ప్రకటించినది. ఆ జూన్ 30న విజయవాడలో అందుకై జాతీయ సదస్సు కూడ జరిగినది. సామాన్య కంప్యూటరులోని బిట్ సున్నగానో ఒకటిగానో ఉండును. క్యూబిట్ ఆ రెండింటి కలయికగా నుండగలదు. కొన్ని జటిలమైన లెక్కలకు ఇది మార్గమగునని శాస్త్రజ్ఞుల ఆశ.

ఈ సందడిలో మేమును రాజధాని ప్రాంతమున జరిగిన ఒక కంప్యూటరు సభకు పోయితిమి. వర్తక సంస్థలకు సరకు లెక్కల సాఫ్ట్‌వేరు వ్రాసి ఇచ్చుట మా వృత్తి. కొత్త బేరములు కుదుర్చుకొనవలెనను తలంపుతో బల్ల వేసికొని, తెర వెలిగించి, వచ్చినవారికెల్ల మా గొప్పలు చెప్పుచుంటిమి.

మధ్యాహ్నము నరసరావుపేట వైపునుండి ఒక పెద్దమనిషి వచ్చెను. మిరపకాయలు దాచు కోల్డ్ స్టోరేజిలో గుమస్తా. మా పాత ఖాతాదారులే. మేము కొత్త హంగులను చూపబోగా ఆయన చేయి అడ్డము పెట్టి యిట్లనెను:

“అయ్యా, మీ లెక్క క్వింటాళ్ళలో ఉంటది. మా లెక్క టిక్కీల్లో ఉంటది. ఏ రైతు టిక్కీ ఏ అంతస్తులో, ఏ వరుసలో ఉందో మీ తెర చెప్పదు. అందుకని మూడేళ్ళుగా మేం ఇంకో పుస్తకం రాసుకుంటున్నాం.”

టిక్కీ యనగా సుమారు 40 కిలోల మిరపకాయల గోతము. ధర బాగున్న యొకనాడు ఒక రైతు తన 20 టిక్కీలు తీయింప వచ్చెనట. పుస్తకము వ్రాయు మనిషి ఆనాడు సెలవులో నుండెను. సరకు వెదకి తీయునప్పటికి పొద్దు వాలినది. మరునాటి ధర రైతుకు కలిసిరాలేదు. బ్యాంకు అప్పు తీర్చవలసిన మనిషి రిక్తహస్తములతో తిరిగిపోయెను.

మేము సిగ్గుపడితిమి. మూడు సంవత్సరములు క్రమముగా సొమ్ము పుచ్చుకొంటిమి. ఒక్క దినమైనను ఆ గిడ్డంగిలో అడుగు పెట్టలేదు. ఫిర్యాదు రాలేదు గనుక అంతయు సవ్యముగా నున్నదని తలంచితిమి.

ఇది కొత్త పాఠము కాదు. 1955లో అమెరికాలో ఐ.బి.ఎం. 704 యంత్రములను వాడదలచిన సంస్థలవారు, ఎవరి ప్రోగ్రాములు వారే మొదటినుండి వ్రాసికొను శ్రమ తప్పించుకొనుటకై ‘షేర్’ అను సంఘముగా నేర్పడిరి. కొన్నవారే కూడి, తమకేమి కావలెనో అమ్మినవారికి చెప్పిరి. ఆ సంఘము పుట్టుక వాడుకరుల కష్టములోనున్నది. 

మరువారమే మేము ఆ గిడ్డంగికి పోయితిమి. ఘాటుకు తుమ్ముచు, చలికి వణకుచు, హమాలీల వెంట అంతస్తు లెక్కితిమి. రెండు నెలలలో వరుసల లెక్క తెరపైకి వచ్చినది. ఆ రెండవ పుస్తకము ఇప్పుడు కరెంటు పోయిన దినములకు మాత్రమే తెరవబడుచున్నది.

అప్పటినుండి సభలలో మేము మొదట అడుగు ప్రశ్న యొక్కటే: “ఇంకను చేతితో ఏమి వ్రాసికొనుచున్నారు?” ప్రత్యుత్తరములోనే మా లోపము బయటపడును.

నేడు పల్నాడు జిల్లాలోనున్న పాత అమరావతి స్తూపశిలలపై దాతల పేర్లతో పాటు గంధద్రవ్యముల వర్తకుడు, చర్మకారుడు మొదలగు వారి వృత్తులను గూడ చెక్కిరి. మా ఖాతా పుస్తకములో బిల్లు సంఖ్యలే కాని, మనుష్యుల పనిపాటలు లేకుండెను.

రేపు క్వాంటం యంత్రములు వచ్చినను ఇదే పరీక్ష నిలుచును. శ్రోతలారా, మీరును ఎక్కడనో ఒకచోట ఖాతాదారులే. బ్యాంకులోగాని, దుకాణములోగాని, కంప్యూటరు ప్రక్కన మరియొక పుస్తకము కనబడినచో, అదేలయని అడుగుడు. అడుగువారుండిననే మావంటివారు నేర్చుకొందురు.