వేగము వేరు, నిలుకడ వేరు



మా కార్యాలయమున టేపుల గది యొకటి కలదు. ఎన్నడో ప్రసారమైన ఒక కంఠమును మరల వినవలెనన్న, పట్టికలో సంఖ్య వెదకి, బీరువా తెరచి, టేపుచుట్టను యంత్రమున కెక్కించి, కావలసిన చోటు వచ్చువరకు త్రిప్పవలెను. కంఠము భద్రముగనే యున్నది. దానిని చేరుటకే కాలము పట్టును. కంప్యూటరునకు గల చిక్కును ఇట్టిదే.

కంప్యూటరునకు జ్ఞాపకములు రెండు. పని చేయునప్పుడు వాడుకొను 'రామ్' మిక్కిలి వేగము గలది. కాని విద్యుత్తు పోయినంతనే సర్వమును మరచును. రెండవది దాచుకొను జ్ఞాపకము; అది మరువదు, కాని మందగమనము గలది. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన రామాక్ యంత్రమున 24 అంగుళముల పళ్ళెములు 50 ఉండెడివి. అన్నిటను గలిపి పట్టినవి 50 లక్షల అక్షరములే. కోరిన సమాచారము దొరకుటకు సగటున అర సెకండునకు పైగా పట్టెడిది.

పిమ్మట డిస్కుల వేగము హెచ్చినది. 1980 దశకమున జపానుకు చెందిన ఫుజియో మసువోకా ఫ్లాష్ జ్ఞాపకమును రూపొందించెను. అందు కదలు భాగము లేదు. సూక్ష్మమైన అరలలో బంధించిన విద్యుదావేశమే అక్షరమగును. అయినను రామ్‌నకు పట్టు కాలమును ఒక సెకండని భావించినచో, ఫ్లాష్‌నకు సుమారు పావుగంటయు, తిరుగు డిస్కునకు ఒక దినమునకు పైగాను పట్టును.

ఈ అగాధమునకు వంతెన కట్టవలెనని ఇంటెల్, మైక్రాన్ సంస్థలు 2015లో నూతన జ్ఞాపకము నొకదానిని ప్రకటించినవి. ఆప్టేన్ అను పేర 2017లో అంగడికి వచ్చిన ఆ సరకు ఫ్లాష్ కంటె వేగము గలది. విద్యుత్తు పోయినను మరువనిది. కాని ఫ్లాష్ ధర దిగుచుండగా దీని ధర తగినంత దిగలేదు. 2022లో ఇంటెల్ ఆ వ్యాపారమును ముగింపనున్నట్లు తెలిపెను. ప్రయోగశాలలో నెగ్గినది అంగడిలో నిలువలేదు.

ఇప్పుడు పలువురి దృష్టి అయస్కాంతముపై నున్నది. ఇది వింత కాదు. 1960లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో పూర్తియైన టిఫ్రాక్ కంప్యూటరు చిన్న ఫెర్రైటు వలయముల అయస్కాంతత్వముననే లెక్కలు దాచుకొనెడిది. నేటి ఎంరామ్ ఆ సూత్రమునే కంటి కానని పొరలలో నిలుపుచున్నది. కొన్ని చిప్పులలో నిది ఇప్పటికే వాడుకలో నున్నది. పరిమాణము పెంచి ధర తగ్గించుట మిగిలినది.

టేపులన్నియు డ్రైవుల కెక్కించి బీరువాలు ఖాళీ చేయరాదా యని మమ్ము అడుగువారు కలరు. ఎక్కించుట మంచిదే. కాని విద్యుత్తు తగులక ఏండ్ల తరబడి పడియున్న ఫ్లాష్ అరలనుండి ఆవేశము మెల్లగా జారిపోవును. టేపులును జీర్ణించును. కావున ప్రతులను రెండు తీరుల సాధనములపై, రెండు చోట్ల నుంచి, అప్పుడప్పుడు తీసి పరీక్షించుచుండవలెను. మీ యింటి పెండ్లి ఫొటోలకును, పెద్దల మాటలకును ఇదియే రక్ష.

వేగమును యంత్రము లీయగలవు. నిలుపుకొను శ్రద్ధ మాత్రము మన వంతు.