దారి వెదకుకొనే యంత్రం

(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



బడి చరిత్ర చెప్పవలసిన వేళ రౌటరును గూర్చి మాట్లాడటం వింతగా తోచవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు ఇటువంటివి అబ్బుతాయా అని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. వారి కోసమే ఈ మాటలు.

ఒక నెట్‌వర్కు నుండి మరొకదానికి సమాచారం ఏ దారిన పోవలెనో నిర్ణయించేది రౌటరు. పూర్వ విద్యార్థులు బహూకరించిన మూడింటిని కార్యాలయం, ఉన్నత పాఠశాల, ప్రాథమిక పాఠశాలలలో ఉంచి త్రికోణంగా కలిపాము. మొదట దారులన్నీ మేమే వ్రాసిపెట్టాము. అది మన మారికుప్పం–బంగారపేట రైలు మార్గం వంటిది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట ఎందరో ఆ బండినే నమ్ముకొని బెంగళూరుకు పోయివస్తున్నారు. పట్టా చెడితే బండికి వేరు దారి లేదు. మాకూ అదే జరిగింది. పరీక్షల వివరాలు పంపవలసిన కడపటి దినాన ఉన్నత పాఠశాల నుండి కార్యాలయానికి వచ్చే తీగను ఎలుక కొరికింది. ప్రాథమిక పాఠశాల మీదుగా రెండవ దారి నిక్షేపంగా ఉంది. కాని దానిని మేము వ్రాయలేదు గనుక రౌటరు ఎరుగదు. చివరకు కంప్యూటరునే కార్యాలయానికి మోసుకొని రావలసివచ్చింది!

రౌటర్లు తమలో తాము మాట్లాడుకొని దారి మార్చుకొనే పద్ధతులు ఉన్నాయి. 1988లో గ్రంథస్థమైన రిప్‌లో ప్రతి రౌటరు 30 సెకన్లకొకసారి తనకు తెలిసిన దూరాలను పొరుగుకు చెబుతుంది. ఇది పొరుగువారి మాట నమ్మి నడవడమే. మేము ఎంచుకొన్న ఓఎస్‌పీఎఫ్‌లో ప్రతిదీ తన తీగల స్థితిని అందరికీ తెలుపుతుంది. ప్రతిదీ పూర్తి పటం గీసుకొని దగ్గర దారిని లెక్కిస్తుంది. ఆ లెక్కను డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1956లో, ఆమ్‌స్టర్‌డాంలోని ఒక కాఫీశాలలో కాగితమైనా లేకుండా 20 నిమిషాలలో ఊహించాడు.

మా రౌటర్లలో వ్రాయవలసినవి ముఖ్యంగా రెండు వాక్యాలు: ‘రౌటర్ ఓఎస్‌పీఎఫ్ 1’ అని ఒకటి, ‘నెట్‌వర్క్ 10.1.1.0 0.0.0.255 ఏరియా 0’ వంటిది మరొకటి. మొదటి వాక్యంలోని 1 మూడింటిలో ఒకటిగా ఉండనక్కరలేదు. ఏరియా అంకె మాత్రం ఒక తీగకు ఇరువైపులా తప్పక కలవాలి. ప్రాథమిక పాఠశాల రౌటరులో నేనే పొరపాటున ఏరియా 1 అని వ్రాశాను. అది పొరుగుల జాబితాలోకి ఎంతకూ రాలేదు. గంటసేపు తీగలను అనుమానించాను. తొమ్మిదవ తరగతి బాలిక తెర వంక చూచి, “మిస్, మనం రాబర్ట్‌సన్‌పేట అంటుంటే అది ఆండర్సన్‌పేట అంటోంది!” అన్నది. అంకె దిద్దగానే పొరుగులు కలిశాయి.

సాధారణంగా అవి 10 సెకన్లకొకసారి పలకరించుకొంటాయి. 40 సెకన్లు పలుకు లేకుంటే ఆ పొరుగు లేనట్లే భావిస్తాయి. మొన్న ఆ బాలికే తీగ ఊడదీసి చూపింది. సమాచారం ప్రాథమిక పాఠశాల మీదుగా తిరిగి వచ్చింది. చూడదలచినవారు సభానంతరం కంప్యూటరు గదికి దయచేయండి. తీగ మీరే తీయవచ్చు. తిరిగి అదే రంధ్రంలో పెట్టవలసిందిగా ప్రార్థన.